ముప్పై నాలుగు సున్నాలు

వేట నిషేధం నలభై మూడో రోజు.
పెద జలారిపేట ఒడ్డున పడవలన్నీ
పక్కకి ఒరిగి ఎండ కాగుతున్నాయి.
నిషేధం డబ్బులు ఇంకా పడలేదు.
అయ్య వల కుడుతున్నాడు,
ఉన్న చిరుగులు అయిపోయి
లేని చిరుగులు వెతుక్కుంటూ.

నేను ల్యాబ్ నుంచి అప్పుడే దిగాను,
కళ్ళలో ఇంకా పచ్చటి వలయాలు.

మధ్యాహ్నం నల్ల తెరలు దించి
ఎలుక కొరికిన కంతకి
గవరయ్య అట్టముక్క అడ్డం పెట్టాడు.
గాజు బుడ్డి చివర సన్నటి తీగ ఎర్రబడింది.
నాలుగు వేల వోల్టులు.
ఎలక్ట్రాన్లు బయల్దేరాయి.
గులకరాళ్ళలాంటివనే అంతదాకా నా లెక్క.
గ్రాఫైట్ పొర దాటి
అవతలి తెర మీద
వలయం లోపల వలయంగా వెలిగాయి.
రాయి తగిలితే మచ్చ పడాలి,
ఉంగరం ఎందుకు పడుతుంది?

నాబ్ తిప్పాను.
వోల్టులు పెరిగేకొద్దీ వలయాలు ముడుచుకున్నాయి,
విసురువల తాడు లాగినట్టు.
లాగుతున్నది నా వేళ్ళేనని
చాలాసేపు నమ్మలేదు.

"ఏటి సూసొచ్చావే ఇయ్యాల?"

పుస్తకంలో తరంగం అని ఉంది.
ఆ మాట మా పేటలో ఒడ్డెక్కదు.
"కెరటం, అయ్యా" అన్నాను,
"రాయికీ, ఇనుముకీ, అన్నిటికీ
కెరటం ఉందట."
నోరు తెరుస్తాడనుకున్నాను.
దారం పంటితో తెంపి
"సందులో దూరితే ఇచ్చుకుంటదా?" అనడిగాడు.

హార్బరు గోడల సందులోంచి వచ్చిన కెరటం
తిన్నగా పోదని,
గోడ చాటుకీ వంగి వస్తుందని
పదేళ్ళ వయసుకే ఆయనకి తెలుసు.
రెండు వైపుల నుంచీ వచ్చినప్పుడు
ఒకటి లేచేచోట ఇంకోటి దిగితే
నీళ్ళు అక్కడ నిద్దరోతాయి.
తాత పడవ కట్టేది అక్కడే.
మూడో సెమిస్టర్‌లో నేను
ఇరవై మార్కులకి రాసింది ఇదే.

రెండు సందుల ముందు
ఒక్కొక్కటిగా వదిలినా అంతేనని చెప్పాను.
ఒక చుక్క. ఆగి, ఇంకో చుక్క.
ఏ చుక్క ఎక్కడ పడుతుందో ఎవరూ చెప్పలేరు,
వేలకొద్దీ పడ్డాక చూస్తే
చారలు.
"ఒంటరిగా పోయేదానికి
ఆ సంగతి ఎవుడు సెప్పాడే?"
మా సార్ కూడా అక్కడే
సుద్దముక్క కింద పెట్టి
చేతులు దులుపుకున్నారు.

"మరి నాకో?"

అరవై రెండు కిలోలు,
ఐస్ ఫ్యాక్టరీ కాటా మీద తూగిన బరువు.
నడక సెకనుకి మీటరు.
తడి ఇసుక మీద వేలితో మొదలెట్టాను.
సున్నా, చుక్క,
ఆ తర్వాత సున్నాలు, ముప్పై నాలుగు రాయాలి,
అప్పుడుగానీ ఒకటి రాదు.
పంతొమ్మిదో సున్నా దగ్గర
సముద్రం వచ్చి తుడిచేసింది.
అయ్య పడీ పడీ నవ్వాడు.
"నా కెరటాన్ని మింగేసిందే, దొంగది!"

నవ్వు ఆగాక
వేళ్ళు మడిచి లెక్క చూసుకున్నాడు.
"బరువెక్కితే సిన్నది.
జోరెక్కితే సిన్నది.
జోరు తగ్గితే?"
"పెద్దదవుద్ది."
"కదలకపోతే?"

సున్నాతో భాగించకూడదని చెప్పాలి.
చెప్పలేదు.

సూది చేతిలోనే ఉంది.
చూపు ఎక్కడా ఆనలేదు.
నలభై మూడు రోజులు పనిలేని చేతులు
పడవ అంచు మీద పెట్టి
అయ్య కదలకుండా కూర్చున్నాడు.
ఊపిరి కూడా తగ్గించినట్టనిపించింది.
ఎదురుగా యారాడ కొండ,
బయట లంగరేసిన ఓడల్లో
ఒక్కో దీపం.
ఎంత దూరం విచ్చుకున్నాడో తెలీదు.
నా పక్కనైతే
కొంచెమే ఉన్నాడు.

"అన్నం సల్లారిపోతంది, ఎక్కడున్నారు మీరు?"
అమ్మ గొంతు.

"ఇక్కడే" అన్నాడు.
మోకాళ్ళు టకటకమన్నాయి.
లుంగీకంటిన ఇసుక దులుపుకుని
గబగబా నడిచాడు,

మళ్ళీ ముప్పై నాలుగు సున్నాల వెనక
సన్నగా.